పీజీ చేసినవాళ్లకు 'గవర్నమెంట్ జాబ్ ప్యాకేజీ' అంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఎమ్మెస్సీ, ఎంఏ, ఎంకాం పూర్తిచేసి సర్కారు ఉద్యోగం కోసం చూస్తున్న పిల్లలు, వాళ్ల ఇళ్లలో పెద్దవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. 'పీజీ స్పెషల్' పేరుతో ఒక ప్యాకేజీ అమ్ముతున్నారు. మా చెల్లి దానికి 42,000 రూపాయలు కట్టింది. మూడేళ్లు ఇంటర్ పిల్లలకు ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బు అది. ఇలాంటి సంస్థ ఒక్కటే ఉందని నేను అనుకోవడం లేదు. అందుకే పేరు కంటే పద్ధతి తెలియడం ముఖ్యమని రాస్తున్నాను.

చెల్లి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కోచింగ్ సంస్థ వాళ్లు ఇచ్చిన కరపత్రం చూసి వెళ్లింది. 'పీజీ అభ్యర్థులకు మాత్రమే దొరికే ప్రభుత్వ అవకాశాలు' అని పెద్ద అక్షరాల్లో ఉంది. కింద గ్రూప్ 1, గ్రూప్ 2, సివిల్స్, ఎస్సెస్సీ సీజీఎల్ (కేంద్ర ప్రభుత్వ ఆఫీసు ఉద్యోగాల పరీక్ష), బ్యాంక్ పీవో, నెట్ (కాలేజీ లెక్చరర్ అర్హత పరీక్ష), జేఎల్ (జూనియర్ లెక్చరర్), పీజీటీ (పీజీ టీచర్) అన్నీ వరసగా వేశారు. లోపల కౌన్సెలర్ "పీజీ అయిందంటే సగం ఉద్యోగం వచ్చినట్టే మేడమ్, మిగతా సగం మేం చూసుకుంటాం" అన్నాడట.

మొదటి మోసం ఇక్కడే ఉంది. గ్రూప్ 1, గ్రూప్ 2, సివిల్స్, సీజీఎల్, బ్యాంక్ పీవో, వీటన్నిటికీ డిగ్రీ చాలు. పీజీ ఉందని ఒక్క మార్కు కూడా కలవదు, వేరే కోటా ఉండదు, దొడ్డిదారి అంతకంటే ఉండదు. గ్రూప్ 2లో అయితే ఇంటర్వ్యూ కూడా లేదు. పీజీ వల్ల మనకు తెరుచుకునే తలుపులు వేరే ఉన్నాయి. అవి కొన్నే. ఏ సబ్జెక్టుకి ఏ తలుపో కచ్చితంగా రాసి ఉంటుంది. ఆ రాత నోటిఫికేషన్‌లో 'విద్యార్హత' అన్న కాలమ్‌లో ఉంటుంది, ఉచితంగా. ఆ ఒక్క కాలమ్ చదివి చెప్పడానికి కూడా ఈ సంస్థకి తీరిక లేకపోయింది.

చెల్లి విషయంలో జరిగింది చూడండి. ఆమెను 'నెట్ బ్యాచ్'లో వేశారు. రోజూ ఉదయం క్లాసు. టీచింగ్ ఆప్టిట్యూడ్, రీసెర్చ్ మెథడాలజీ, కమ్యూనికేషన్, ఐసీటీ (కంప్యూటర్, సమాచార సాంకేతికత), ఉన్నత విద్యావ్యవస్థ. ఇవన్నీ యూజీసీ నెట్ పేపర్ 1 సిలబస్. బ్యాచ్‌లో ఎంఏ ఇంగ్లిష్, ఎంకాం, ఎంఏ హిస్టరీ వాళ్లున్నారు. వాళ్లకి అది సరైనదే. కానీ యూజీసీ నెట్ సబ్జెక్టుల జాబితాలో కెమిస్ట్రీ లేనే లేదు! కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్, లైఫ్ సైన్సెస్, ఎర్త్ సైన్సెస్ వాళ్లు రాయాల్సింది సీఎస్ఐఆర్ యూజీసీ నెట్. రెండూ ఎన్టీఏనే (కేంద్రం పరీక్షల సంస్థ) నిర్వహిస్తుంది, పేర్లు కూడా దగ్గరగా ఉంటాయి, పరీక్షలు మాత్రం పూర్తిగా వేరు.

ఎంత వేరో చెబుతాను. యూజీసీ నెట్‌లో పేపర్ 1 అందరికీ ఒకటే, 50 ప్రశ్నలు, 100 మార్కులు. పేపర్ 2 సబ్జెక్టు, 100 ప్రశ్నలు, 200 మార్కులు. నెగెటివ్ మార్కులు లేవు. సీఎస్ఐఆర్‌లో ఒకే పేపర్, 200 మార్కులు, తప్పు జవాబుకి మార్కులు కోస్తారు. కెమికల్ సైన్సెస్‌లో పార్ట్ ఏ అంటే జనరల్ ఆప్టిట్యూడ్, 30 మార్కులు మాత్రమే. పార్ట్ బి 70, పార్ట్ సి 100. అంటే 200లో 170 మార్కులు కెమిస్ట్రీకే. చెల్లి నెలల తరబడి నేర్చుకున్న టీచింగ్ ఆప్టిట్యూడ్ ఆ పేపర్‌లో ఒక్క ప్రశ్నగా కూడా రాదు. స్పెక్ట్రోస్కోపీ, ఆర్గానిక్ రియాక్షన్ మెకానిజమ్స్, క్వాంటమ్ కెమిస్ట్రీ, ఇవి చెప్పే మనిషి ఆ సంస్థలో లేడు.

దరఖాస్తు చేసే రోజు సబ్జెక్టు దగ్గర నొక్కితే కెమిస్ట్రీ కనపడలేదు. సంస్థకి ఫోన్ చేస్తే "దగ్గరగా ఉన్నది ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్, అది పెట్టేయండి" అన్నారు. ఈ మాట విన్నాకే నాకు కోపం కట్టలు తెంచుకుంది. ఒక అమ్మాయి ఐదేళ్ల చదువుని ఒక క్లిక్కుతో పక్కన పడేయమని చెప్పడం అది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. పేపర్ 1 చదువు మొత్తం వృథా కాదు, ఏపీసెట్‌కి, అంటే మన రాష్ట్ర లెక్చరర్ అర్హత పరీక్షకి పనికొస్తుంది. ఏపీసెట్‌ని ఆంధ్రా యూనివర్సిటీ నిర్వహిస్తుంది, అందులో కెమికల్ సైన్సెస్ ఉంది, పేపర్ 1 కూడా ఉంది. కానీ అది ఏటా వచ్చే పరీక్ష కాదు, 2021లో జరిగాక మళ్లీ 2024లోనే జరిగింది. పైగా సెట్ మన రాష్ట్రం వరకే చెల్లుతుంది, నెట్ దేశమంతా చెల్లుతుంది. ఈ తేడా కూడా చెల్లికి అక్కడ ఎవరూ చెప్పలేదు.

జేఎల్, పీజీటీ సంగతి కూడా అంతే. కరపత్రంలో పీజీటీ అని గర్వంగా వేశారు. కేంద్రీయ విద్యాలయాల్లో అయినా, మన డీఎస్సీలో అయినా పీజీటీకి పీజీతో పాటు బీఈడీ కావాలి. 2025 ఏప్రిల్‌లో వచ్చిన మెగా డీఎస్సీలో 16,347 పోస్టులున్నాయని వీళ్లు గోడలనిండా పోస్టర్లు వేశారు, బీఈడీ లేని పిల్లల దగ్గర కూడా ఫీజు తీసుకున్నారు. చెల్లికి బీఈడీ లేదు. జూనియర్ లెక్చరర్‌కి మాత్రం బీఈడీ అక్కర్లేదు, నెట్ కూడా అక్కర్లేదు, సంబంధిత సబ్జెక్టులో పీజీ ఉంటే రాయొచ్చు. ఏపీపీఎస్సీ ఆ పరీక్షలో జనరల్ స్టడీస్‌కి 150 మార్కులు, సబ్జెక్టుకి 300 మార్కులు పెడుతుంది. డిగ్రీ కాలేజీ లెక్చరర్‌కి మాత్రం 55 శాతం మార్కులతో పాటు నెట్ గానీ సెట్ గానీ ఉండాలి, లేదంటే పీహెచ్‌డీ. కాబట్టి లెక్చరర్ కావాలనుకునే సైన్స్ పిల్లలు ముందు సీఎస్ఐఆర్ మీద కూర్చుంటే జేఎల్ సబ్జెక్టు చదువు, డిగ్రీ లెక్చరర్ అర్హత, రెండు పనులూ అవుతాయి. అదే పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ కూడా ఉంది. జేఆర్ఎఫ్‌కి వయసు పరిమితి ఉంది, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకి లేదు.

ఇవి కాక, పీజీ ఉన్నవాళ్లకు నిజంగా ప్రత్యేకమైనవి ఆ కరపత్రంలో ఒక్కటీ లేవు. ఎంఏ ఎకనామిక్స్ వాళ్లకి యూపీఎస్సీ ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ ఉంది. దానికి ఎకనామిక్స్‌లో పీజీ తప్పనిసరి, కాబట్టి సివిల్స్ అంత గుంపు ఉండదు. రిజర్వ్ బ్యాంకులో గ్రేడ్ బి పోస్టుల్లోనే ఎకనామిక్స్ వాళ్లకి ఒక విభాగం, స్టాటిస్టిక్స్ వాళ్లకి ఇంకో విభాగం ఉన్నాయి. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ వాళ్లు ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ కూడా రాయొచ్చు, అయితే దానికి స్టాటిస్టిక్స్ ఉన్న డిగ్రీ అయినా చాలు. జియాలజీ వాళ్లకి యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష ఉంది.

ఆ జియో సైంటిస్ట్ పరీక్షలోనే జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో కెమిస్ట్ పోస్టులు కూడా ఉంటాయి! దానికి అర్హత ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. వయసు 21 నుంచి 32 ఏళ్ల మధ్య, రిజర్వేషన్ ఉన్నవాళ్లకి సడలింపు. నోటిఫికేషన్ మామూలుగా సెప్టెంబరులో వస్తుంది. ప్రిలిమ్స్‌లో జనరల్ స్టడీస్ 100 మార్కులు, కెమిస్ట్రీ 300 మార్కులు. ఆడపిల్లలకి ఫీజు లేదు. పాత ప్రశ్నపత్రాలు యూపీఎస్సీ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. మా చెల్లికి సరిగ్గా సరిపోయే పరీక్ష ఇది. 42,000 తీసుకున్నవాళ్లు దాని పేరు కూడా ఎత్తలేదు. భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్ల ఓసీఈఎస్ అనే సైంటిఫిక్ ఆఫీసర్ శిక్షణకి కూడా ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, ఫిజిక్స్ వాళ్లని తీసుకుంటారు, 60 శాతం మార్కులుండాలి. అక్కడ జనరల్ అభ్యర్థులకి వయసు 26 దాటకూడదు, అందుకే ఫైనలియర్‌లో ఉండగానే తెలియాల్సిన విషయం. కోచింగ్‌లో గడిచిపోయిన నెలల విలువ అదే. డబ్బు ఎలాగో సంపాదించుకోవచ్చు, వయసు పరిమితి వెనక్కి జరగదు.

ఇక రసీదు గురించి. నేను ఆటోనగర్‌లో లెక్కలు రాసే పని చేస్తాను, కాగితాలు చూడటం నా అలవాటు. చెల్లి ఫైలు తీసి చూస్తే 42,000కి రెండు రసీదులున్నాయి. ఒకదాని మీద 'కౌన్సెలింగ్ ఛార్జీలు', రెండోదాని మీద 'స్టడీ మెటీరియల్' అని రాశారు. కోర్సు పేరు లేదు, ఎన్నాళ్లో లేదు, జీఎస్టీ నంబరు లేదు. 'సెలెక్ట్ కాకపోతే ఫీజు వాపసు' అన్న మాట కరపత్రంలో ఉంది, రసీదులో మాత్రం వెనకవైపు లేత బూడిద రంగు సిరాతో 'ఒకసారి చెల్లించిన రుసుము తిరిగి ఇవ్వబడదు' అని ఉంది. మెటీరియల్ అంటే ఏంటో అనుకుంటారు, స్పైరల్ బైండింగ్ చేసిన జిరాక్స్ కట్టలు. ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో ఇంతకన్నా మంచి పుస్తకాలు వందల్లో దొరుకుతాయి.

అంతకన్నా దారుణం ఒకటుంది. 'వెరిఫికేషన్' పేరుతో ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకున్నారు. పీజీ ప్రొవిజనల్, మార్కుల మెమో, టీసీ. మేం ఫీజు వాపసు అడిగిన రోజు నుంచి ఆ సర్టిఫికెట్లు 'హెడ్ ఆఫీసులో ఉన్నాయి' అన్నారు. ఇది బ్లాక్‌మెయిలే, ఇంకో పేరు లేదు. ఏ కోచింగ్ సంస్థకీ మీ ఒరిజినల్స్‌తో పని లేదు. ఏపీపీఎస్సీ అయినా యూపీఎస్సీ అయినా సర్టిఫికెట్లు పరిశీలించేది మీ ఎదురుగానే, మీ చేతుల్లోంచి తీసుకుని చూసి మళ్లీ మీకే ఇచ్చేస్తారు.

తర్వాత ఇంకో రంగు బయటపడింది. ఫీజు ఇవ్వలేం గానీ, 'మనకు తెలిసినవాళ్ల ద్వారా' ఒక ప్రభుత్వ కాలేజీలో ఔట్‌సోర్సింగ్ లెక్చరర్ పోస్టు ఇప్పిస్తాం, రెండు లక్షలు డిపాజిట్ కట్టండి అన్నారు. నేను అక్కడే ఆ మాట మళ్లీ చెప్పమని ఫోన్ టేబుల్ మీద పెట్టాను. మళ్లీ చెప్పలేదు. ఈ మాట మీకు ఎవరు చెప్పినా, ఎంత పెద్దమనిషి చెప్పినా, అక్కడినుంచి లేచి వచ్చేయండి. పీజీ అయి ఇంట్లో ఖాళీగా ఉన్న పిల్లల టెన్షన్, అమ్మానాన్నల ఆదుర్దా, ఈ రెండూ వాళ్లకి పెట్టుబడి.

మేం చేసింది ఇది. ముందు 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాం, డాకెట్ నంబరు ఇచ్చారు. కరపత్రం, రెండు రసీదులు, వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ జత చేశాం. 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ కోచింగ్ సంస్థల ప్రకటనల మీద మార్గదర్శకాలు తెచ్చింది. ఉద్యోగం గ్యారంటీ, సెలెక్షన్ గ్యారంటీ అని ప్రకటించకూడదు, ర్యాంకర్ల ఫొటోలు వాళ్ల రాతపూర్వక అనుమతి లేకుండా వాడకూడదు అని అందులో స్పష్టంగా ఉంది. ఆ మాట ఫిర్యాదులో రాశాక వాళ్ల గొంతు మారింది. సర్టిఫికెట్లు మూడోరోజుకి 'హెడ్ ఆఫీసు' నుంచి వచ్చేశాయి. డబ్బులో సగం ఇస్తాం, కేసు వద్దు అంటున్నారు. మేం ఒప్పుకోలేదు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నాం. ఐదు లక్షల లోపు విలువకి అక్కడ ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, సంఘటన జరిగిన రెండేళ్లలోపు వేయాలి.

డబ్బు కట్టబోతున్నవాళ్లు కౌన్సెలర్‌ని ఒక్కటే అడగండి: "నా సబ్జెక్టుకి సరిపోయే పరీక్ష పేరు చెప్పి, దాని పాత నోటిఫికేషన్‌లో విద్యార్హత పేరా చూపించండి." చూపిస్తే ఆ పరీక్ష సబ్జెక్టు ఎవరు చెబుతారో, వాళ్ల ఒక క్లాసులో కూర్చోనిస్తారో అడగండి. తడబడితే బ్యాగు తీసుకుని వచ్చేయండి. బీసీ, ఎస్సీ స్టడీ సర్కిళ్లలో ఉచిత కోచింగ్ నోటిఫికేషన్లు పడుతుంటాయి, ముందు అవి చూసుకోండి. మంచిగా చెప్పే సంస్థలు మన ఊళ్లలో లేవని నేననడం లేదు. ఈ ప్రశ్నకి వాళ్లు సంతోషంగా జవాబు చెబుతారు.

ఇప్పటికే ఒరిజినల్స్ ఇచ్చి ఇరుక్కున్నవాళ్లు మాత్రం ఆలస్యం చేయొద్దు. 'నా సర్టిఫికెట్లు తిరిగి ఇవ్వండి' అని తేదీ వేసి ఒక ఉత్తరం రాసి, రెండో కాపీ మీద వాళ్ల సంతకం, ముద్ర తీసుకోండి. సంతకం పెట్టకపోతే అదే ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదు దాచుకోండి. వారంలో రాకపోతే ఆ రెండు కాగితాలతో దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి వెళ్లండి. ఉత్తరం ఎలా రాయాలో తెలియకపోతే నాకు మెసేజ్ పెట్టండి, చెల్లి రాసినది పంపిస్తాను.