హనుమకొండలో 3 కిలోవాట్ల సోలార్: ప్యానెళ్లు భేష్, అమ్మినవాళ్ల మాటే తేడా

మా డాబా మీద 3 కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ సోలార్ (బ్యాటరీ లేకుండా కరెంటు లైన్‌కే కలిపేది) పెట్టించాం. ఖర్చు రెండు లక్షలకు కాస్త తక్కువ, అందులో కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ కింద 78,000 మళ్లీ ఖాతాలో పడ్డాయి. డీలర్ పేరు రాయను, పని మాత్రం ఉన్నదున్నట్టు చెప్తా.

స్ట్రక్చర్ గట్టిగా ఉంది, కింద నిలబడి బట్టలు ఆరేసుకునేంత ఎత్తు పెట్టారు. ఎండ బాగుంటే రోజుకు 12 యూనిట్ల దాకా వస్తోంది. మార్చిలో వచ్చినంత మేలో రాలేదు, ఎందుకంటే ప్యానెల్ 25 డిగ్రీలు దాటి వేడెక్కేకొద్దీ డిగ్రీకి 0.3-0.4 శాతం పవర్ తగ్గుతుంది, మన ఓరుగల్లు ఎండల్లో అది ఎంత కాలుతుందో చెయ్యి పెడితే తెలుస్తుంది. ఇక కోతులు. వైర్లను పైపుల్లో వేయకుండా క్లిప్పులు కొట్టి వదిలేశారు, అవి పట్టుకుని ఊగి ఒక కనెక్టర్ ఊడపీకాయి. ఫోన్ చేస్తే వెంటనే వచ్చారు కానీ పైపులకు మళ్లీ డబ్బులు తీసుకున్నారు.

అసలు కోపం వేరే ఉంది. "కరెంటు పోయినా మీకు ఢోకా లేదు సార్" అని చెప్పి అమ్మారు. అబద్ధం. లైన్‌లో సప్లై పోతే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ (ప్యానెల్ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పెట్టె) దానంతటదే ఆగిపోతుంది, ఆగాలి కూడా, లేకపోతే స్తంభమెక్కిన లైన్‌మన్‌కు మన డాబా కరెంటే షాక్ కొడుతుంది.

అంటే ఇంటి మీద సూర్యుడున్నా మనం ఆ పాత లైన్ మీదే ఆధారపడ్డాం, ఆ లైనేమో బొగ్గు చుట్టూ అల్లింది. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు, 1886లో ఇంగ్లండ్‌లో రిజిస్టరైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వే హక్కులు తీసుకుంది, ఇంకో రెండేళ్లకే బొగ్గు మోయడానికి డోర్నకల్ నుంచి అక్కడికి రైలు పట్టాలు పడ్డాయి. తర్వాత సింగరేణి మన చేతికొచ్చింది, వేల కుటుంబాలకు అన్నం పెట్టింది, కాదనను. కానీ ఇక్కడ తవ్వి బయటికి పంపే పద్ధతి అదే: రామగుండంలో 2,600 మెగావాట్ల ప్లాంటు ఇక్కడి బొగ్గు కాల్చి దక్షిణాది రాష్ట్రాలకు కరెంటు పంపుతుంది, బూడిద ఇక్కడే మిగులుతుంది. గల్లీ ట్రాన్స్‌ఫార్మర్లు కూడా పైనుంచి వచ్చింది పంచడానికే పెట్టినవి. ఒకే గల్లీలో చాలా ఇళ్లు మధ్యాహ్నం పూట మిగిలిన సోలార్ కరెంటును లైన్‌లోకి వెనక్కి పంపితే ఓల్టేజ్ పెరిగి ఇన్వర్టర్లు ట్రిప్పవుతాయి. 2022లో రామగుండం రిజర్వాయర్ మీదే 100 మెగావాట్ల తేలే సోలార్ మొదలైంది, చాలా సంతోషం, అదే పట్టుదల గల్లీల్లో కూడా చూపించాలి. ప్యానెల్‌కు సబ్సిడీ ఇచ్చి బ్యాటరీకి ఏమీ ఇవ్వకపోతే మిగిలిన కరెంటును మధ్యతరగతి ఇల్లు ఎక్కడ దాచుకుంటుంది?

కొనమంటారా అంటే, నెలకు 250-300 యూనిట్లు కాలే ఇల్లయితే తప్పకుండా కొనండి. పైపులు, ఎర్తింగ్ కొటేషన్‌లోనే రాయించండి. కరెంటు పోయినప్పుడు ఏవి నడవాలో ముందే తేల్చుకోండి, కొన్నైనా నడవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్ (లైన్‌తో పాటు బ్యాటరీతోనూ నడిచేది), బ్యాటరీ ధర అడగండి. ప్యానెళ్లకు 5కి 5, డీలర్‌కు 3.