ఎల్డెన్ రింగ్‌లో రాళ్లు ఏ కత్తికి ఖర్చుపెట్టాలి

ఎల్డెన్ రింగ్ కొత్తగా మొదలుపెట్టినవాళ్లు చేసే తప్పు ఒకటే. కత్తి పక్కనున్న డ్యామేజ్ అంకె చూసి మోజుపడతారు. ఆయుధాల బలం పెంచే రాళ్లన్నీ దానికే పెట్టేస్తారు. తీరా చేతికి తగిలించాక స్టాట్స్ (స్ట్రెంత్, డెక్స్, ఇంటెలిజెన్స్ లాంటి మీ పాత్ర బలాల అంకెలు) చాలలేదని ఎర్ర గుర్తు కనిపిస్తుంది. ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ 2022 ఫిబ్రవరి 25న వదిలిన ఈ ఆటలో ఆయుధాలు మూడొందల పైమాటే. అన్నిటినీ ఇక్కడ తూకం వెయ్యట్లేదు. సొంత స్కిల్ ఉండి, ఆ స్కిల్ ఇంక మార్చడానికి వీల్లేని ఆయుధాల్లో ఏవి రాయికి తగ్గవి, ఏవి పేరుకే గొప్పవి అన్నదే మాట.

ముందు రాళ్ల లెక్క తెలియాలి. మామూలు కత్తిని +25 దాకా తీసుకెళ్లాలంటే ఒక్కో రకం రాయి 12 చొప్పున ఎనిమిది రకాలు, అంటే 96 రాళ్లు, ఆఖర్న ఒక ఏన్షెంట్ డ్రాగన్ రాయి. ప్రత్యేక ఆయుధాలకి వాడేది సోంబర్ రాయి. దాంతో +10 దగ్గర ఆగిపోతుంది. మెట్టుకి ఒక్కటే రాయి, మొత్తం పదే. సోంబర్ +4 అంటే దాదాపు మామూలు +10కి సమానం. అందుకే ప్రత్యేక కత్తులు ఖరీదైన వ్యవహారం అనుకోవడం పొరపాటు, నిజానికి ఇవే చవక. చివరి పదో రాయి మాత్రం అరుదు. +9కీ +10కీ మధ్య తేడా కూడా కొంచెమే, కాబట్టి ఆ కత్తితోనే ఆట పూర్తి చేస్తామని తేలేదాకా దాన్ని దాచుకోవాలి.

సోంబర్ రాళ్లు బేగి కావాలంటే, ఆట మొదలయ్యే లిమ్‌గ్రేవ్ ప్రాంతంలో డ్రాగన్-బర్న్ట్ రూయిన్స్ కింద ఉన్న పెట్టె తెరవండి. అది ఉచ్చు. పొగ కమ్మేసి సెలియా క్రిస్టల్ టన్నెల్లో పడేస్తుంది. బయటికి వచ్చేదాకా మ్యాప్‌లో ఫాస్ట్ ట్రావెల్ పనిచెయ్యదు, అక్కడే చాలామంది కంగారుపడి ఆట కట్టేస్తారు. కానీ ఆ గనిలోనే ఉన్న ఫాలింగ్‌స్టార్ బీస్ట్‌ని చంపితే సోంబర్‌స్టోన్ మైనర్స్ బెల్ బేరింగ్ (అంగట్లో కొత్త సరుకు తెప్పించే వస్తువు) మొదటిది దొరుకుతుంది. దాన్ని రౌండ్‌టేబుల్ హోల్డ్‌లో కవల ముసలమ్మలకిస్తే 1, 2 నంబర్ల రాళ్లు ఎన్నైనా కొనుక్కోవచ్చు. రెండో బెల్ బేరింగ్ ఆల్టస్ టన్నెల్లో ఉంది, అది 3, 4 నంబర్లకి. తక్కువ లెవెల్లో ఆ బీస్ట్ జోలికి వెళ్లక్కర్లేదు. ముందు బయటపడే దారి వెతుక్కుని, లెవెల్ పెరిగాక మళ్లీ రండి.

మొదటి పది గంటల్లో చేతికొచ్చే కత్తుల్లో బ్లడ్‌హౌండ్స్ ఫ్యాంగ్‌కి పోటీ లేదు. స్ట్రెంత్ 18, డెక్స్ 17 ఉంటే చాలు. లిమ్‌గ్రేవ్ దక్షిణాన ఫర్లోర్న్ హౌండ్ ఎవర్‌గోల్ అనే చెరలో డారివిల్ అనే బ్లడ్‌హౌండ్ నైట్‌ని ఓడిస్తే వస్తుంది. అతగాడు మహా చురుకు, మాయమై వెనక తేలతాడు. సాయం కావాలంటే ముందు ఎల్లె చర్చి దగ్గర కాలే అనే వ్యాపారితో మిస్ట్‌వుడ్‌లో వినిపించే తోడేలు అరుపు గురించి మాట్లాడాలి. అతను చిటికె వెయ్యడం నేర్పిస్తాడు. మిస్ట్‌వుడ్ రూయిన్స్‌లో చిటికె వేస్తే బ్లైడ్ అనే తోడేలు మనిషి కిందికి దూకుతాడు. అతనితో మాటలు ముగించుకుంటే ఎవర్‌గోల్‌లో అతన్ని పిలుచుకోవచ్చు. కత్తి బరువు 11.5. ఎక్విప్ లోడ్ (మొయ్యగల బరువు) 70 శాతం దాటితే దొర్లడం గడ్డపార మింగినట్టే ఉంటుంది, కాబట్టి ఎండ్యూరెన్స్ చూసుకునే కవచం తొడుక్కోవాలి.

మూన్‌వెయిల్ గురించి అందరూ చెప్తారు. చెప్పేది చాలావరకు నిజమే. కటానా, బరువు 6.5, కావలసినవి స్ట్రెంత్ 12, డెక్స్ 18, ఇంటెలిజెన్స్ 23. లిమ్‌గ్రేవ్, కేలిడ్ సరిహద్దులో గేల్ టన్నెల్ అనే గనిలో మాగ్మా విర్మ్‌ని చంపితే దొరుకుతుంది. లెక్క చూడండి: సామురాయ్‌గా మొదలెడితే స్ట్రెంత్ 12, డెక్స్ 15, ఇంట్ 9 ఉంటాయి, అంటే ఇంకా 17 లెవెళ్లు కావాలి. ఆస్ట్రాలజర్‌కి ఇంట్ 16, డెక్స్ 12, స్ట్రెంత్ 8. ఇక్కడో చిట్కా ఉంది. ఆయుధాన్ని రెండు చేతులా పట్టుకుంటే ఆట మీ స్ట్రెంత్‌ని ఒకటిన్నర రెట్లు లెక్కేస్తుంది. 8 కాస్తా 12 అవుతుంది, సరిగ్గా సరిపోతుంది. కాబట్టి ఆస్ట్రాలజర్‌కి 13 లెవెళ్లే. మెలిక ఏటంటే, రెండు చేతులూ కత్తికే పోతే కర్రతో మంత్రం వెయ్యడం కుదరదు. మంత్రాలూ కావాలంటే ఆ నాలుగు పాయింట్లూ స్ట్రెంత్‌లో పెట్టక తప్పదు.

ఆ విర్మ్ గది చాలా ఇరుకు. ఎదురుగా నిలబడితే లావా కక్కుతుంది, దూరం జరిగితే మీద పడి కత్తితో నేలని మోదుతుంది. వెనక కాలి పక్కన అంటిపెట్టుకుని, లావా కక్కుతున్నంతసేపు కొట్టి, ఒళ్లు పైకెత్తగానే పక్కకి దొర్లాలి. మంటకి ఓర్చుకునే డాలు గాని తాయెత్తు గాని ఉంటే ఊరట. కత్తి చేతికొచ్చాక స్కిల్ బటన్ నొక్కి పట్టుకుంటే మీ పాత్ర దాన్ని ఒరలో పెట్టుకుని కాచుకుంటుంది. అప్పుడు చిన్న దెబ్బ కొడితే అడ్డంగా వెలుగు కెరటం, పెద్ద దెబ్బ కొడితే నిలువుగా ఒకటి. నిలువుది దూరం పోతుంది, శత్రువు పట్టు తప్పించడంలో దాన్ని మించింది ఆట మొదటి సగంలో లేదు. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, స్కిల్ ఒక్కటే నమ్ముకుని ఇంటెలిజెన్స్ మీదే పాయింట్లన్నీ పోసి, ప్రాణం పెంచే విగర్‌ని వదిలేస్తారు. ఆల్టస్ పీఠభూమి ఎక్కేసరికి ఒక్క దెబ్బకి ప్రాణం పోతుంది.

ఇక మొత్తం ఆటకి ఒక్క ఆయుధమే ఇస్తామంటే తీసుకోవలసింది బ్లాస్‌ఫమస్ బ్లేడ్. ఇందులో మొహమాటం లేదు. స్ట్రెంత్ 22, డెక్స్ 15, ఫెయిత్ 21, బరువు 13.5. వోల్కనో మేనర్‌లో రైకార్డ్ అనే బాస్‌ని చంపి, అతను వదిలే రిమెంబ్రెన్స్ అనే వస్తువుని రౌండ్‌టేబుల్‌లో ఎనియా దగ్గర మార్చుకోవాలి. అదే రిమెంబ్రెన్స్‌తో రైకార్డ్స్ రాంకర్ అనే మంత్రం కూడా తీసుకోవచ్చు. రెండూ కావాలంటే, గంట మోగించుకుంటూ నడిచే మాసోలియం అనే రాతి సమాధిలో రిమెంబ్రెన్స్‌కి నకలు తీసుకోవాలి.

రైకార్డ్ పోరు భయపెట్టేంతది కాదు. అతని గుమ్మం దగ్గరే సర్పెంట్-హంటర్ అనే పొడుగాటి బల్లెం పడి ఉంటుంది. ఆ గదిలో మాత్రమే అది గాలి కెరటం విసురుతుంది. దాన్ని తీసి అక్కడికక్కడే లోపలికి పోవడం తొందరపాటు. గుమ్మం దగ్గరి నుంచే రౌండ్‌టేబుల్‌కి తిరిగెళ్లి మూడు నాలుగు సోంబర్ రాళ్లు దానికి పెట్టి వస్తే సగం సమయంలో పని తెమిలిపోతుంది. రాళ్లు వృథా అనుకోవద్దు, అవి కొనుక్కోగల నంబర్లే. ఇంకో జాగ్రత్త: రైకార్డ్ చచ్చాక మేనర్‌లో టానిత్ ఇచ్చే హత్యల పనులు ఆగిపోతాయి, అక్కడి మనుషులు చెదిరిపోతారు. ఆ బహుమతులు కావాలనుకుంటే పనులన్నీ ముందే ముగించాలి.

బ్లాస్‌ఫమస్ బ్లేడ్ గొప్ప అంతా ప్రాణం తిరిగిరావడంలో ఉంది. దగ్గర్లో శత్రువు చస్తే కొంచెం హెల్త్ వస్తుంది. టేకర్స్ ఫ్లేమ్స్ స్కిల్‌తో కత్తి నేలకి కొడితే మంట బారుగా ముందుకి పోతుంది, తగిలిన ప్రతి ఒక్కరి నుంచీ హెల్త్ వస్తుంది. గుంపు మీద కొడితే ప్రాణం నింపే ఫ్లాస్క్ ముట్టుకోనక్కర్లేదు, మామూలు సైజు శత్రువులు వెల్లకిలా పడతారు. ఖర్చు 30 ఎఫ్‌పీ (స్కిల్‌కీ మంత్రానికీ ఖర్చయ్యే శక్తి), మొదట్లో రెండు దెబ్బలకే అడుగంటుతుంది. ఎఫ్‌పీ నింపే నీలం ఫ్లాస్కులు సగానికి సగం పెట్టుకోండి. ఫోర్ట్ లయెడ్‌లో దొరికే ఫైర్ స్కార్పియన్ చార్మ్ మంట దెబ్బని 12 శాతం పెంచుతుంది. షార్డ్ ఆఫ్ అలెగ్జాండర్ స్కిల్‌ని 15 శాతం పెంచుతుంది. లోపాలూ లేకపోలేదు. స్కిల్ మొదలవడానికి క్షణం పైన పడుతుంది, మెలీనియా లాంటి చురుకైనవాళ్లు ఆ సందులో పొడిచేస్తారు. ఫైర్ జెయింట్‌కి మంట పెద్దగా అంటదు. అక్కడ స్కిల్ మానేసి మామూలుగా చీలమండ మీద నరకడమే మేలు.

కన్ఫెసర్‌గా మొదలెట్టినవాళ్లకి ఇది పెద్ద దూరం కాదు. స్ట్రెంత్ 12, డెక్స్ 12, ఫెయిత్ 14 ఉంటాయి. రెండు చేతులా పట్టుకుంటే స్ట్రెంత్ 15 చాలు. 3, 3, 7, మొత్తం 13 లెవెళ్లు.

రివర్స్ ఆఫ్ బ్లడ్ అనే కటానా మీద ఉన్న మోజు మాత్రం అర్థం కాదు. స్ట్రెంత్ 12, డెక్స్ 18, ఆర్కేన్ 20 అడుగుతుంది, అది తక్కువే. కానీ దొరికేది జెయింట్ల కొండల మీద చర్చ్ ఆఫ్ రిపోజ్ దగ్గర, ఒకీనా అనేవాడు మీద పడినప్పుడు. అప్పటికి ఆట ముప్పాతిక వంతు అయిపోయి ఉంటుంది. రక్తం కారించడం మీదే ఆధారపడిన కత్తి ఇది. అస్థిపంజరాలకీ, ఆఖరి బాస్ ఎల్డెన్ బీస్ట్‌కీ కార్చడానికి రక్తమే లేదు. విడుదలైన కొత్తలో ఉన్న ఊపుని తర్వాతి ప్యాచుల్లో తగ్గించారు కూడా. ఆర్కేన్ దారే కావాలంటే లిమ్‌గ్రేవ్‌లోనే నెరిజస్ దగ్గర దొరికే రెడూవియా అనే బాకు ఉంది. స్ట్రెంత్ 5, డెక్స్ 13, ఆర్కేన్ 13. పొందూరు ఖద్దరుకి పత్తి దువ్వేది వాలుగ చేప దవడతో. చూస్తే ఏముంది, చిన్న ఎముక ముక్క. ఈ బాకూ అంతే, చూపుకి ఆనదు, పని మాత్రం చేస్తుంది.

సోర్డ్ ఆఫ్ నైట్ అండ్ ఫ్లేమ్‌కి రాయి పెట్టకండి. కరియా మేనర్ పెట్టెలో బేగినే దొరుకుతుంది, పేరూ బాగుంటుంది, కానీ ఇంట్ 24, ఫెయిత్ 24 రెండూ కావాలి. రెండు పడవల మీద కాళ్లు. 2022 మార్చిలో వచ్చిన 1.03 ప్యాచ్ దీని స్కిల్ దెబ్బ తగ్గించింది కూడా.

డార్క్ మూన్ గ్రేట్‌సోర్డ్ అందమైనది, కానీ ఇంట్ 38 అడుగుతుంది. పైగా రాన్నీ అనే మంత్రగత్తె కథ చివరిదాకా నడవాలి: రాడాన్ అనే బాస్‌ని ఓడించడం, నోక్రాన్‌లో ఫింగర్‌స్లేయర్ బ్లేడ్, లేక్ ఆఫ్ రాట్ దాటి ఆస్టెల్, రెనాలా గదిలో పెట్టె తెరిచి ఉంగరం, దాన్ని తీసుకెళ్లి రాన్నీ వేలికి తొడగడం. ఇంత దూరం వచ్చేది ఎలాగూ మాంత్రికులే, వాళ్లకి తగ్గదే.

బోల్ట్ ఆఫ్ గ్రాన్సాక్స్ అనే ఈటె విషయంలో గడువు మర్చిపోతే అంతే సంగతులు. అరసవల్లిలో స్వామి పాదాల మీద కిరణాలు పడే నిముషాలు దాటిపోతే మళ్లీ ఆర్నెల్లకైనా చూడొచ్చు, ఇక్కడ ఆ అవకాశమూ లేదు. మాలికెత్ అనే బాస్‌ని చంపగానే లేండెల్ నగరం బూడిదలో కూరుకుపోతుంది, ఈటె దానితోపాటే పోతుంది. అంతకుముందే వెస్ట్ క్యాపిటల్ ర్యాంపార్ట్ దగ్గర, చచ్చిన రాతి డ్రాగన్ పక్కన గుచ్చుకున్న ఆ పెద్ద ఈటె మీదికి నడిచి తీసుకోవాలి. డెక్స్ 40 ఇప్పుడు లేకపోయినా సరే, తీసి సంచిలో వేసుకోండి. దూరం నుంచి మెరుపు విసరడానికి దీన్ని మించిన ఈటె లేదు.

బరువైనవి ఇష్టపడేవాళ్లకి రూయిన్స్ గ్రేట్‌సోర్డ్. పైడితల్లి జాతరలో సిరిమానుని ఒంటి చేత్తో ఎత్తి తిప్పినట్టుంటుంది. స్ట్రెంత్ 50 అని చూసి బెదరొద్దు, రెండు చేతులా అయితే 34 చాలు, ఇంట్ 16 మాత్రం తప్పదు. రెడ్‌మేన్ కోటలో జంట బాస్‌లని చంపితే వస్తుంది. కోటలో పండగ హడావుడి నడుస్తుంటే వాళ్లు కనిపించరు, రాడాన్‌ని చంపి తిరిగి రావాలి.

ఎంచుకున్నది తేడా కొట్టినా దిగులక్కర్లేదు. రెనాలాని ఓడించాక ఆమెకి లార్వల్ టియర్ అనే వస్తువు ఒకటి ఇస్తే స్టాట్స్ మొత్తం మళ్లీ పంచుకోవచ్చు.

కత్తులతో సంబంధం లేకపోయినా మన జిల్లాల్లో ఆడేవాళ్లకి రెండు మాటలు. ఆట దానంతటదే క్షణక్షణం సేవ్ చేసుకుంటుంది. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌కి సరిగ్గా ఆ క్షణంలో కరెంటు పోతే సేవ్ ఫైల్ పాడయ్యే ప్రమాదం ఉంది. యాప్‌డేటా, రోమింగ్ లోపల ఎల్డెన్‌రింగ్ పేరుతో ఫోల్డర్ ఉంటుంది, రోజూ ఆట ముగించాక దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. నెట్ తెగుతూ ఉంటే సిస్టమ్ మెనూ, నెట్‌వర్క్‌లో లాంచ్ సెట్టింగ్‌ని ఆఫ్‌లైన్‌కి మార్చండి. ఇక, ఆటలో పాజ్ లేదని అందరూ అంటారు గాని ఉంది: మెనూ తెరిచి, హెల్ప్ బటన్ నొక్కి, మెనూ ఎక్స్‌ప్లనేషన్ ఎంచుకుంటే అంతా ఆగిపోతుంది. అది ఆఫ్‌లైన్‌లో ఉన్నప్పుడు, అమ్మ అన్నానికి మూడోసారి పిలిచినప్పుడు బాగా పనికొస్తుంది.