గతుకుల డేటాపై స్టాన్: ఆరేళ్ల వాడకం తర్వాత

నీటి నమూనాల్లో రసాయనాల మోతాదులను విశ్లేషించడం నా పని. ఆ డేటా ఎన్నడూ కుదురుగా రాదు: పరికరాలు మారుతుంటాయి, దశాంశ బిందువు జారిపోతుంది, కొన్ని కేంద్రాల నుంచి నెలల తరబడి ఏమీ అందదు. ఆరేళ్లుగా దీన్ని స్టాన్‌లో రాసుకున్న బేసియన్ మోడళ్లతోనే (ముందస్తు అంచనాను డేటాతో సవరించుకునే గణాంక నమూనాలతోనే) విశ్లేషిస్తున్నాను. 2012లో తొలి వెర్షన్ వెలువడిన ఈ ఉచిత గణాంక సాఫ్ట్‌వేర్‌కు, యాదృచ్ఛిక నమూనాలతో లెక్కకట్టే మాంటీ కార్లో పద్ధతికి ఆద్యుల్లో ఒకరైన స్టానిస్లా ఊలామ్ పేరు పెట్టారు. మళ్లీ మొదటి నుంచి ఎంచుకోమన్నా దీన్నే ఎంచుకుంటాను; కానీ ఇది పెట్టిన తిప్పలూ తక్కువేమీ కావు.

అన్నిటికన్నా ఎక్కువగా అక్కరకు వచ్చింది పరికరం పసిగట్టలేని రీడింగుల విషయంలో. లీటరుకు 0.5 మిల్లీగ్రాములకు తక్కువైతే మా పరికరానికి ఆనదు. అలాంటి గడిలో ఒకరు 0 వేసేవారు, ఒకరు 0.25 వేసేవారు, మరొకరు ఖాళీగా వదిలేసేవారు. సున్నా వేస్తే సగటు ఉండవలసిన దానికంటే కిందికి దిగుతుంది, వదిలేస్తే పైకి పోతుంది. స్టాన్‌లో ఆ గడికి ఏ అంకె కల్పించనక్కర లేకుండా, విలువ 0.5కు తక్కువగా ఉండే సంభావ్యతనే లైక్లీహుడ్‌లో (మోడల్ ప్రకారం ఆ డేటా రావడానికి ఉన్న అవకాశపు లెక్కలో) చేర్చవచ్చు. మనకు తెలిసినంత మేరకే లెక్కలోకి వెళ్తుంది. దశాంశం జారి 1.2 కాస్తా 12గా నమోదైన చోట్ల నార్మల్ (గంట ఆకారపు) డిస్ట్రిబ్యూషన్ బదులు, విపరీత విలువలకు ఎక్కువ చోటిచ్చే స్టూడెంట్ టీ డిస్ట్రిబ్యూషన్ పెడితే, ఆ ఒక్క రీడింగు సగటును తన వైపు లాగలేదు.

రీడింగులు తక్కువగా ఉన్న కేంద్రాలకు అన్ని కేంద్రాలనూ కలిపి అంచనా వేసే అంచెల మోడల్ బాగా పనిచేసింది. ఒకే కేంద్రంలోని రీడింగుల ప్రామాణిక విచలనం 4, కేంద్రాల సగటుల మధ్య విచలనం 2 అనుకుంటే, 48 రీడింగులున్న కేంద్రం అంచనాలో దాని సొంత సగటుకు 92 శాతం బరువు దక్కుతుంది. మూడే ఉన్న కేంద్రానికి 43 శాతమే దక్కి, మిగతాది ఉమ్మడి సగటుకు పోతుంది. ఈ నిష్పత్తిని ఎవరూ చేత్తో నిర్ణయించరు, డేటాయే తేలుస్తుంది.

తిప్పలు ప్రయర్ (డేటా చూడకముందు మనం పెట్టుకునే అంచనా) దగ్గరే మొదలయ్యాయి. నిష్పాక్షికంగా ఉండాలన్న ఉద్దేశంతో, మోతాదు లాగరిథమ్ సగటుకు 10 విచలనంతో నార్మల్ ప్రయర్ ఇచ్చాను. డేటా చూపకముందే ఆ ప్రయర్‌తో కృత్రిమ రీడింగులు పుట్టించి చూస్తే, రెండు విచలనాల దూరంలో లీటరు నీటిలో 485 కిలోల రసాయనం కరిగి ఉంది! విచలనాన్ని 1కి తగ్గించాక మోడల్ దారికి వచ్చింది. ఇక అంచెల మోడళ్లలో ‘డైవర్జెన్స్’ హెచ్చరికలు (స్టాన్ లెక్క దారి తప్పిందనే సూచనలు) మొదట్లో నిద్ర పట్టనివ్వలేదు. స్టాన్ లెక్కలో వేసే అడుగులను చిన్నవి చేసే అడాప్ట్ డెల్టా అమరికను 0.8 నుంచి 0.99కి పెంచితే కొన్ని తగ్గాయి. కేంద్రాల తేడాలను నాన్-సెంటర్డ్ రూపంలోకి (ఉమ్మడి సగటు నుంచి ఎన్ని విచలనాల దూరమో చెప్పే రూపంలోకి) మార్చి రాశాకే పూర్తిగా పోయాయి. వేర్వేరు చోట్ల మొదలైన లెక్కలు ఒకే ఫలితానికి చేరాయో లేదో చెప్పే ఆర్-హ్యాట్ 1.01 దాటితే ఫలితాన్ని ఇప్పటికీ బయటికి ఇవ్వను. పూర్ణాంక పారామీటర్లను స్టాన్ నేరుగా తీసుకోదు కనుక, వాటిని చేత్తో మార్జినలైజ్ చేసుకోవడం (అన్ని విలువలపై కూడి లెక్క నుంచి తొలగించడం) విసుగు పుట్టించే పని.

అసలు దెబ్బ వేరే చోట తగిలింది. ఒక ప్రయోగశాల పరికరం ఏడాదంతా అన్ని నమూనాలనూ ఒకే తీరున ఎక్కువ చేసి చూపింది. డైవర్జెన్స్‌లు లేవు, ఆర్-హ్యాట్ చక్కగా ఉంది, పోస్టీరియర్ (డేటా చూశాక వచ్చే అంచనా వ్యాప్తి) ఎంతో ఇరుకుగా వచ్చింది, అంచనా మాత్రం తప్పు. అప్పటి నుంచి ప్రతి ప్రయోగశాలకూ ఒక పక్షపాత పారామీటర్ చేరుస్తున్నాను. దాంతో అంచనాల అనిశ్చితిని చూపే అంతరాలు వెడల్పయి, నివేదిక చదివేవారు అసంతృప్తి చెందారు. ఒకే నమూనాను రెండు భాగాలు చేసి రెండు ప్రయోగశాలలకు పంపడం మొదలుపెట్టాక, ఆ అంతరాలు కాస్త దగ్గరపడ్డాయి.