ఫోన్‌కి కొత్త బ్యాటరీ వేయిస్తున్నారా? బిగించకముందే లేబుల్ మీద లెక్క చూడండి

ఫోన్ బాగానే ఉంది, బ్యాటరీ ఒక్కటి మారిస్తే ఇంకో రెండేళ్లు వస్తుంది అనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేనూ అలాగే అనుకుని నాలుగు నెలల క్రితం బయట మార్పించాను. ఫోన్‌తో వచ్చిన బ్యాటరీ 4000 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత). షాపులో వేసినదాని మీద 5000 అని ఉందట. "సైజు అదే, కెపాసిటీ ఎక్కువ, ఒరిజినల్ క్వాలిటీ" అన్నారు. నమ్మాను.

రెండు వారాలు బాగానే నడిచింది. తర్వాత 30 శాతం ఉండగానే ఫోన్ ఆగిపోవడం మొదలైంది, ఎక్కువగా కెమెరా తెరిచినప్పుడే. ఛార్జర్ పెట్టి ఆన్ చేస్తే మళ్లీ 26 చూపించేది. షాపతన్ని అడిగితే, "మూడుసార్లు పూర్తిగా దించేసి ఫుల్ ఛార్జ్ చెయ్యండి, సెట్ అయిపోతుంది" అన్నాడు. చేశాను, ఏమీ సెట్ కాలేదు. అలా చేస్తే శాతం చూపించే లెక్క కాస్త సరిపడొచ్చు గానీ బ్యాటరీ లోపలి సెల్ బాగుపడదు. నాసిరకం సెల్‌కి లోపలి రెసిస్టెన్స్, అంటే కరెంటుకి అడ్డుపడే గుణం, ఎక్కువ. కెమెరా, ఫ్లాష్ ఒక్కసారిగా కరెంటు లాగితే వోల్టేజ్ పడిపోతుంది, ఫోన్ ఆగిపోతుంది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఒకరోజు తుడుద్దామని కవర్ తీసి టేబుల్ మీద పెట్టి, వేలితో తోస్తే ఫోన్ బొంగరంలా తిరిగింది. వెనక ప్యానెల్ మధ్యలో ఉబ్బి ఉంది. స్క్రీన్ ఒక అంచున లేచి, ఆ సందులోంచి సన్నగా వెలుతురు. సెల్ లోపల గ్యాస్ చేరిందన్నమాట. అన్నాళ్లూ దాన్ని ఛార్జింగ్ పెట్టి దిండు పక్కనే ఉంచుకుని పడుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

బ్యాటరీ తీయించాక లేబుల్ మొదటిసారి చదివాను: 5000 ఎంఏహెచ్, 3.85 వోల్టులు, 15.4 వాట్ అవర్లు (బ్యాటరీలో పట్టే మొత్తం శక్తి). ఎంఏహెచ్‌ని వోల్టులతో గుణించి వెయ్యితో భాగిస్తే వాట్ అవర్లు రావాలి. 5000కి 19.25 వస్తుంది. 15.4 వచ్చేది 4000కే. అంటే పాత లేబుల్‌లో ఒక్క అంకె మార్చి అచ్చేశారు! ఈ లెక్కకి ఫోన్‌లో కాల్‌క్యులేటర్ చాలు. బిగించేముందు బ్యాటరీ చేతికి ఇమ్మని అడగకపోవడమే నేను చేసిన తప్పు.

లెక్క కుదిరినంత మాత్రాన అసలు సరుకని కాదు. కుదరకపోతే మాత్రం వేయించుకోకండి. వీలైతే కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే మార్పించండి, ఖర్చు ఎక్కువైనా సరే.

ఇప్పటికే ఉబ్బి ఉంటే వెంటనే ఛార్జింగ్ ఆపేయండి. నొక్కి ప్యానెల్ అతికించాలని చూడకండి, గుచ్చకండి, చెత్తబుట్టలో వేయకండి. తీయించి ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి. మందపాటి కవర్ వల్లే నాకు ఉబ్బు అన్ని రోజులు కనపడలేదు. బయట బ్యాటరీ వేయించుకున్నవాళ్లు ఈ రోజే ఒకసారి కవర్ తీసి, పక్కనుంచి ఆ అంచులు చూసుకోండి.