కొట్టుకునే బంగారు వాచీ: పదకొండేళ్ల వాడకం తరువాత

మా మామగారు విశాఖపట్నం పోర్టులో పనిచేసే రోజుల్లో ఓడలో వచ్చిన ఒక నావికుడి దగ్గర కొన్న బంగారు ఆటోమేటిక్ (చేతి కదలికతో తనంతట తానే కీ ఎక్కే) వాచీ పదకొండేళ్ల క్రితం నాకు సంక్రమించింది. డయల్ మీద ఒమేగా కంపెనీ గుర్తు, పేరు, ఆటోమేటిక్ అన్న మాట తప్ప మోడల్ వివరమేదీ లేదు. పైగా మణికట్టు తిప్పినప్పుడల్లా లోపల ఏదో ఊడిపోయి కొట్టుకుంటున్నట్టు టక్కుమని సన్నటి దెబ్బ చేతికి తెలిసేది.

జగదాంబ దగ్గర ఒక వృద్ధ మెకానిక్ వెనుక మూత తీసి, కంటికి భూతద్దం బిగించి, రెండు నిమిషాలు చూసి, "ఇది చెడిపోలేదు బాబూ, దీని నడకే అంత" అన్నారు. ఇప్పటి ఆటోమేటిక్‌లలో కీ ఎక్కించే బరువు పలక గుండ్రంగా పూర్తి చుట్టు తిరుగుతుంది. ఇందులో మాత్రం అది కొంత దూరం ఊగి, అటొకటి ఇటొకటి ఉన్న చిన్న స్ప్రింగులకు తగిలి వెనక్కి మళ్లుతుంది. దీన్ని బంపర్ ఆటోమేటిక్ అంటారు. ఒమేగా 1940లలో మొదలుపెట్టి, 1950ల మధ్యలో పూర్తిగా తిరిగే పలకకు, అంటే రోటర్‌కు మారేదాకా ఈ పద్ధతిలోనే చేసింది. అంటే నేను జబ్బు అనుకున్న చప్పుడే ఈ వాచీని గుర్తుపట్టడానికి మొదటి ఆధారం.

రాగి రంగు పూత ఉన్న మెషీన్ మీద 354 అన్న కాలిబర్ (మెషీన్ రకం) సంఖ్య, 17 జ్యువెల్స్ (ఇరుసులు అరగకుండా పెట్టే రాళ్లు) అన్న మాట, 14తో మొదలయ్యే ఎనిమిది అంకెల సీరియల్ నంబరు కనిపించాయి. ఒమేగా సీరియల్ వరుస ప్రకారం అది 1954 ప్రాంతానికి చెందుతుంది. డయల్‌కు మళ్లీ రంగు వేయించవచ్చు, ముళ్లు మార్చవచ్చు, కీ కొత్తది పెట్టవచ్చు గనుక పాత వాచీ వయసు తేల్చేటప్పుడు నేను ముందు మెషీన్‌ను, తరువాత మూత లోపలి వైపును నమ్ముతాను. మూత లోపల 0.750 అంకెలు, వాటి పక్కన గోరు మొనంత చిన్న స్త్రీమూర్తి తల ఉన్నాయి. అది స్విట్జర్లాండ్‌కు ప్రతీక అయిన హెల్వెటియా, 18 క్యారెట్ల బంగారానికి స్విస్ ముద్ర. 14 క్యారెట్లకైతే ఉడుత బొమ్మ వేసేవారు. 1995లో వీటి స్థానంలో సెయింట్ బెర్నార్డ్ కుక్క తల వచ్చింది కాబట్టి, కుక్క ముద్ర ఉన్న కేసును 1950ల నాటిదని ఎవరైనా చెబితే సందేహించాల్సిందే. కురుపాం మార్కెట్‌లో ఒక వ్యాపారి గీటురాయి మీద గీసి చూస్తానన్నాడు గాని, ముద్ర కళ్లెదుటే ఉండగా బంగారం అరగదీయడం ఎందుకని వద్దన్నాను.

వాడకం సంగతికి వస్తే, ఇది నడిచే మనిషి వాచీ. బీచ్ రోడ్డులో ఉదయం గంటసేపు నడిచిన రోజున మర్నాటి దాకా ఆగదు. బల్ల దగ్గరే కూర్చున్న రోజున మాత్రం పడుకునే ముందు కీ ఇవ్వాలి. సర్వీసింగ్ చేయించి పెట్టుకుంటే రోజుకు ఇరవై సెకన్లు ముందుకు పోతుంది, దానికి నేను అలవాటుపడ్డాను. ఒకసారి రాత్రంతా స్పీకరు పక్కన పెట్టడం వల్ల అయస్కాంతం పట్టి రోజుకు నాలుగేసి నిమిషాలు ముందుకు పరుగెత్తింది. మెకానిక్ యంత్రం మీద క్షణంలో సరిచేశారు. మన ఊరి ఉప్పు గాలి, ఉక్కపోత దీనికి అసలైన శత్రువులు. జూన్‌లో గ్లాసు లోపల ఆవిరి పట్టింది, తోలు బెల్టు ఏ ఏడాదికాయేడు చివికిపోతుంది. ఇప్పుడు వేసవి నెలల్లో దాన్ని బీరువాలోనే ఉంచుతున్నాను.

నాకు ఇప్పటికీ బాధగా ఉన్నది ఒక్కటే. మొదట్లో తెలియక మెరుగు పెట్టమని ఒక దుకాణంలో ఇస్తే, బెల్టు తగిలే కొమ్ముల పదునైన అంచులు గుండ్రంగా అరిగిపోయి, వాటి వెనుకనున్న ముద్ర సగం చెరిగి తిరిగివచ్చింది. మెషీన్‌ను బాగుచేసుకోవచ్చు; పోయిన అంచు రాదు.

నాలుగేళ్ల క్రితం పలక తగిలే స్ప్రింగుల్లో ఒకటి విరిగితే, పనికిరాని మరో పాత మెషీన్ దొరికేదాకా ఏడు నెలలు ఆగాల్సివచ్చింది. వేరే వాచీ నుంచి తెచ్చిన స్ప్రింగు కావడంవల్లనేమో, అప్పటినుంచి కుడివైపు దెబ్బ ఎడమవైపు దానికంటే కొంచెం గట్టిగా వినిపిస్తోంది.