లోరెయిన్ మోటల్‌లోని పౌరహక్కుల మ్యూజియం: మెంఫిస్ వెళ్లేవారి కోసం ఒక సమీక్ష

టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్ నగరానికి వెళ్లే మన తెలుగువాళ్లలో చాలామంది గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ ఇల్లు గ్రేస్‌లాండ్ చూసి, సంగీతానికి పేరుపొందిన బీల్ వీధిలో ఒక సాయంత్రం గడిపి తిరిగి వచ్చేస్తుంటారు. ఆ వీధికి దక్షిణంగా, నడిచి వెళ్లగలిగే దూరంలోనే, మల్బెర్రీ వీధిలో నేషనల్ సివిల్ రైట్స్ మ్యూజియం ఉంది. 1968 ఏప్రిల్ 4 సాయంత్రం నల్లజాతి పౌరహక్కుల నేత మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్‌ను కాల్చి చంపిన లోరెయిన్ మోటలే ఇప్పుడు ఈ మ్యూజియం. అమెరికాలో సమానత్వ పోరాటం గురించి చెప్పే మ్యూజియంలలో నేను చూసినంతవరకు దీనికే మొదటి స్థానం ఇస్తాను. కింగ్ తూటా తగిలి కూలిపోయిన చోట వెలసినా ఇది ఆయన ఒక్కరి స్మారకంగా ఉండిపోలేదు. ఆ ఉద్యమాన్ని భుజాన మోసిన మామూలు మనుషులు ఏం చేశారో, ఎలా చేశారో చూపించడానికే ఎక్కువ శ్రద్ధ పెట్టింది. లోపాలు లేకపోలేదు, వాటినీ దాచకుండా చెబుతాను.

ముందు ఆ భవనం సంగతి తెలుసుకోవాలి. నల్లజాతి వారికి తెల్లవారి హోటళ్లలో గది ఇవ్వని రోజుల్లో, 1945లో, వాల్టర్ బెయిలీ, లోరీ బెయిలీ అనే నల్లజాతి దంపతులు ఈ వసతిగృహాన్ని కొని నడిపారు. నల్లజాతి ప్రయాణికులు ఎక్కడ దిగవచ్చో, ఎక్కడ భోజనం చేయవచ్చో తెలిపేందుకు విక్టర్ గ్రీన్ అనే న్యూయార్క్ పోస్ట్‌మ్యాన్ 1936 నుంచి ప్రచురించిన మార్గదర్శినిలో ఈ మోటల్ పేరు కూడా ఉండేది. మెంఫిస్‌లోని స్టాక్స్ స్టూడియోకు పాటలు రికార్డు చేయడానికి వచ్చిన గాయకులు, సంగీతకారులు ఇక్కడే దిగేవారు. కింగ్ మీద కాల్పులు జరిగిన రోజునే లోరీ బెయిలీకి మెదడులో రక్తస్రావమైంది. ఏప్రిల్ 9న, కింగ్ అంత్యక్రియలు జరుగుతున్న రోజున, ఆమె కన్నుమూశారు. ఆ తర్వాత వాల్టర్ బెయిలీ కింగ్ బస చేసిన 306వ నంబరు గదిని ఎవరికీ అద్దెకివ్వకుండా అలాగే కాపాడారు. మోటల్ అప్పుల్లో మునిగి వేలానికి వచ్చినప్పుడు, 1982 డిసెంబరులో, స్థానికులు కొందరు విరాళాలు పోగుచేసి 144,000 డాలర్లకు దాన్ని దక్కించుకున్నారు. న్యాయవాది డార్మీ బెయిలీ ముందుండి నడిపిన ఆ ప్రయత్నం ఫలించి 1991లో మ్యూజియం తెరుచుకుంది. 2014లో భారీ మరమ్మతుల తర్వాత ఇప్పుడున్న రూపానికి వచ్చింది.

మోటల్ ముందు భాగాన్ని 1968లో ఉన్నట్టే ఉంచారు. పాత బోర్డు, నీలిఆకుపచ్చ తలుపులు, కింద నిలిపిన రెండు పాతకాలపు కార్లు, రెండో అంతస్తు వసారా కమ్మీకి కట్టిన తెలుపు ఎరుపు పూలచక్రం, అన్నీ బయటి నుంచే కనిపిస్తాయి. ఇంతవరకు చూడటానికి టికెట్టు అక్కర్లేదు. చాలామంది ఇక్కడే ఫొటో తీసుకుని వెళ్లిపోతుంటారు. అలా వెళ్లిపోతే అసలు మ్యూజియం చూడనట్టే.

లోపల ప్రయాణం బానిసత్వంతో మొదలవుతుంది. అట్లాంటిక్ దాటించిన ఓడల అడుగు అరను తలపించే ఇరుకు చోట ఒకటి కట్టారు. అందులో వంగి కూర్చుంటే పక్కన బొమ్మలుగా ఉన్న మనుషుల మధ్య మనమూ ఇరుక్కుపోయినట్టు ఉంటుంది. నల్లవారిని తెల్లవారి నుంచి వేరుగా ఉంచడానికి అంతర్యుద్ధం తర్వాత వచ్చిన జిమ్ క్రో చట్టాలు, పాఠశాలల్లో వేర్పాటు చెల్లదని సుప్రీంకోర్టు 1954లో ఇచ్చిన బ్రౌన్ కేసు తీర్పు ఆ తర్వాతి గదుల్లో ఉన్నాయి. సమాచారం బాగానే ఉంది గాని, ఇవి ఏ మంచి మ్యూజియంలోనైనా దొరికే విషయాలే.

అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీ నగర బస్సు దగ్గరికి వచ్చేసరికి ఈ మ్యూజియం ప్రత్యేకత తెలుస్తుంది. నిజమైన బస్సు అంత బస్సు. తెల్లవారికి సీటు వదలనన్న నల్లజాతి మహిళ రోజా పార్క్స్ బొమ్మ లోపల కూర్చుని ఉంటుంది. మనం ఎక్కి ముందు వరుసల్లో కూర్చుంటే లేచి వెనక్కి వెళ్లమని డ్రైవరు గొంతు గద్దిస్తుంది. రికార్డు చేసిన గొంతే అని తెలిసినా, నా వెనుక ఎక్కిన ఒక పిల్లవాడు నిజంగానే లేచి నిలబడ్డాడు. అయితే నాకు ఇంకా విలువైనదిగా అనిపించింది ఆమె అరెస్టు తర్వాత నల్లవారు చేసిన బస్సుల బహిష్కరణ ఎలా నడిచిందో చెప్పిన తీరు. 1955 డిసెంబరు 1న రోజా పార్క్స్‌ను అరెస్టు చేశారన్న వార్త తెలియగానే, కళాశాల అధ్యాపకురాలు జో ఆన్ రాబిన్సన్ రాత్రికి రాత్రి కూర్చుని వేలకొద్దీ కరపత్రాలు సైక్లోస్టైల్ తీయించారు. ఆమె నడిపిన మహిళా సంఘం బస్సుల్లోని అవమానాల గురించి నగర పాలకులను అప్పటికే హెచ్చరించి ఉంది. అదే ఏడాది మార్చిలో క్లాడెట్ కాల్విన్ అనే పదిహేనేళ్ల అమ్మాయి కూడా సీటు వదలనందుకు అరెస్టయింది. 381 రోజులు బస్సు ఎక్కకుండా పనులకు వెళ్లాలంటే పట్టుదల ఒక్కటే సరిపోదు. సొంత కార్లున్నవారు ఏ వీధి మలుపులో ఎన్ని గంటలకు ఆగాలో, పెట్రోలుకు డబ్బు ఎక్కడి నుంచి రావాలో ఎవరో ఒకరు కాగితం మీద లెక్క రాసి పెట్టాలి. ఇళ్లలో వంట చేసి, బట్టలుతికి బతికే నల్లజాతి స్త్రీలు మైళ్ల కొద్దీ నడిచారు. అలసిపోయిన ఒక మహిళ కదలనని కూర్చుంటే దేశం మారిపోయిందని చెప్పే బడిపాఠం ఈ శ్రమనంతా మింగేస్తుంది; ఇక్కడ ఆ శ్రమకు దక్కాల్సిన చోటు దక్కింది.

లంచ్ కౌంటర్ దగ్గరా ఇదే తీరు. 1960 ఫిబ్రవరి 1న నార్త్ కరొలైనా రాష్ట్రం గ్రీన్స్‌బరోలో నలుగురు విద్యార్థులు వూల్‌వర్త్ దుకాణంలో తెల్లవారికే కేటాయించిన కౌంటర్ ముందు కూర్చుని కాఫీ అడిగారన్నది అందరికీ తెలిసిన కథ. అప్పటికే నాష్‌విల్ విద్యార్థులు నెలల తరబడి ఇలాంటి నిరసనకు సిద్ధమవుతూ ఉన్నారని నాకు ఇక్కడి ప్రదర్శన చూస్తున్నప్పుడే గుర్తొచ్చింది. వారికి తర్ఫీదు ఇచ్చిన జేమ్స్ లాసన్ 1950లలో మూడేళ్లు నాగపూర్‌లో ఉండి, గాంధీ సత్యాగ్రహ పద్ధతులను అధ్యయనం చేసి వచ్చిన మెథడిస్టు ప్రచారకుడు. ఆ తరగతుల్లో కొందరు కౌంటర్ ముందు కూర్చున్నట్టు నటిస్తే, మిగిలినవారు తెల్లవారి పాత్ర తీసుకుని తిట్టేవారు, కుర్చీల మీంచి కిందికి లాగేవారు. దెబ్బ పడినా తిరిగి చెయ్యెత్తకుండా ఉండటాన్ని వాళ్లు అలా సాధన చేసి నేర్చుకున్నారు. ఈ నిరసనల కారణంగా, తన విద్యార్థి అయిన లాసన్‌ను వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం బహిష్కరించింది. 1960 మే నెలలో నాష్‌విల్ నగర కేంద్రంలోని ఆరు దుకాణాలు తమ కౌంటర్లను అందరికీ తెరిచాయి. లాసన్ పేరు గుర్తుంచుకుని ముందుకు వెళ్లండి, ఆయన మళ్లీ వస్తారు.

బస్సుల్లో వేర్పాటును ధిక్కరిస్తూ నల్లవారు, తెల్లవారు కలిసి చేసిన ఫ్రీడమ్ రైడ్స్ ప్రయాణాలు, 1963లో బర్మింగ్‌హామ్ పిల్లల మీదికి వదిలిన పోలీసు కుక్కలు, వాషింగ్టన్ మహాప్రదర్శన, ఓటు హక్కు కోసం నడిచినవారిని పోలీసులు కొట్టిన సెల్మా వంతెన, ఇవన్నీ వరుసగా వస్తాయి. వీటిని మ్యూజియం శక్తిమంతంగానే చూపింది. గోడల నిండా అక్షరాలే కావడంతో ఇక్కడికి వచ్చేసరికి సందర్శకులు అలసిపోయి చదవడం మానేస్తున్నారు. రాసిన దానిలో మూడో వంతు తగ్గించి, మిసిసిపిలో ఓటు హక్కు కోసం దెబ్బలు తిన్న ఫానీ లూ హేమర్ వంటివారి గొంతులు వినిపించడానికి మరికొంత చోటు ఇచ్చి ఉంటే మేలుగా ఉండేది.

ఈ మ్యూజియానికి గుండెకాయ మెంఫిస్ సమ్మె విభాగం. 1968 ఫిబ్రవరి 1న జోరువాన కురుస్తుంటే ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులు చెత్తబండి వెనుక భాగంలో తలదాచుకున్నారు. చెత్తను నొక్కే యంత్రం దానంతట అదే కదిలి ఇద్దరినీ నలిపేసింది. ఆ పాత బండ్లు ప్రమాదకరమని కార్మికులు అంతకుముందే మొత్తుకున్నా నగరపాలక సంస్థ పట్టించుకోలేదు. చనిపోయినవారి కుటుంబాలకు నష్టపరిహారం వచ్చే ఏర్పాటే లేదు. పూర్తికాలం పనిచేస్తూ కూడా ప్రభుత్వ సాయం మీద ఆధారపడాల్సినంత తక్కువ కూలి. ఫిబ్రవరి 12న సుమారు 1,300 మంది నల్లజాతి కార్మికులు పని మానేశారు. వారి కార్మిక సంఘాన్ని గుర్తించేది లేదని మేయర్ హెన్రీ లోబ్ భీష్మించుకున్నాడు. అప్పటికి మెంఫిస్‌లో పాస్టరుగా ఉన్న లాసనే కింగ్‌ను ఇక్కడికి పిలిపించారు.

ప్రదర్శనలో నిజమైన చెత్తబండి ఒకటి నిలబెట్టారు. దాని పక్కన ‘నేనూ మనిషినే’ అన్న అట్టలు పట్టుకుని నిలబడ్డ కార్మికుల బొమ్మలు ఉన్నాయి. బండి వెనుక నోరులా తెరుచుకున్న భాగం దగ్గర నిలబడి చూస్తే, ఇద్దరు పెద్దమనుషులు వాన తప్పించుకోవడానికి అందులోకి దూరవలసి రావడం ఎంత అన్యాయమో ఏ వ్యాఖ్యా చదవకుండానే అర్థమవుతుంది. కింగ్ హత్య తర్వాత, ఏప్రిల్ 8న, ఆయన భార్య కొరెట్టా స్కాట్ కింగ్ వేలాదిమందితో ఈ నగర వీధుల్లో మౌన ప్రదర్శన నడిపారు. ఏప్రిల్ 16న నగరం దిగివచ్చి సంఘాన్ని గుర్తించింది, కూలి పెంచింది. కింగ్ చివరి రోజులను ఈ సమ్మెతో కలిపి చెప్పడం వల్ల ఒక విషయం బలంగా నాటుకుంటుంది: బస్సులో సీటు, ఓటు హక్కు దాటి ఆయన అప్పటికే కూలి, ఇల్లు, పేదరికం గురించి మాట్లాడుతున్నారు, అన్ని రంగుల పేదలనూ కూడగట్టి వాషింగ్టన్‌కు తీసుకువెళ్లే ప్రయత్నంలో ఉన్నారు. ఆయనను ‘నాకో కల ఉంది’ అన్న ఒక్క ప్రసంగానికి కుదించి స్మరించుకునేవారు ఇక్కడికి తప్పక రావాలి.

306వ గదిని అద్దం వెనుక నుంచి చూస్తాం. నలిగిన పక్క, కాఫీ కప్పులు, అంతే. అక్కడ ఎవరూ పెద్దగా మాట్లాడరు.

వీధికి అవతలి పక్కన, హంతకుడు జేమ్స్ ఎర్ల్ రే తుపాకీ పేల్చిన అద్దెగదుల భవనం కూడా మ్యూజియంలో భాగమే. నా ప్రధాన అభ్యంతరం దీని మీదే. అతడు పారిపోయిన దారి, దర్యాప్తు వివరాలు, కుట్ర ఉందా లేదా అన్న చర్చ ఇక్కడ చాలా చోటు ఆక్రమించాయి. కోల్, వాకర్‌ల కుటుంబాల గురించి తెలుసుకోవాలని ఉన్న సందర్శకుడికి హంతకుడి గదిలో ఏమేం దొరికాయన్న పట్టిక ఎందుకు? ఈ భవనంలో ఏ విభాగాలు తెరిచి ఉన్నాయో వెళ్లే ముందు కనుక్కోండి. సమయం చాలకపోతే వదిలేయదగ్గది ఇదే.

రెండో అభ్యంతరం, ఇతర అల్పసంఖ్యాక వర్గాల పోరాటాలకు ప్రధాన ప్రదర్శనల్లో దక్కిన చోటు తక్కువ కావడం. 1965లో కాలిఫోర్నియా ద్రాక్షతోటల్లో ఫిలిపినో, మెక్సికన్ కూలీలు కలిసి చేసిన సమ్మెకూ ఈ ఉద్యమానికీ మధ్య రాకపోకలు ఉన్నాయి. మనకు సంబంధించిన ముక్క ఇంకా ముఖ్యం. భారతీయులు తెల్లవారు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 1946 చట్టం పౌరసత్వానికి దారి తెరిచినా, భారతదేశం నుంచి ఏడాదికి 100 మందినే రానిచ్చింది. పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు పెట్టే ఆ పద్ధతిని 1965 అక్టోబరు 3న అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన వలస చట్టం రద్దు చేసింది. పౌరహక్కుల చట్టం వచ్చిన మరుసటి ఏడాది, ఓటు హక్కు చట్టం వచ్చిన రెండు నెలల్లో అది వచ్చిందంటే, ఈ బస్సులు, కౌంటర్లు, వంతెనల దగ్గర దెబ్బలు తిన్నవారి వల్లే అది సాధ్యమైంది. అమెరికాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఈ ఋణాన్ని చాలా తక్కువగా తలచుకుంటాయి. మ్యూజియం ఒక్క గోడ మీద ఈ గొలుసును చూపినా మన పిల్లలకు ఎంతో ఉపయోగం.

మోటల్‌లో చివరిదాకా ఉండి 1988లో ఖాళీ చేయించబడిన ఒక మహిళ ఏళ్ల తరబడి వీధి మలుపులో కూర్చుని, ఇంత డబ్బు పేదల ఇళ్లకు ఖర్చు చేయాల్సింది అని నిరసన తెలిపారు. మ్యూజియం ఉండాల్సిందే అన్నది నా అభిప్రాయం. అయినా ఆమె అడిగింది కింగ్ చివరి ఏడాది అడిగిన ప్రశ్నే కాబట్టి, దానికి లోపల కూడా ఒక చోటు ఉండాలి.

వెళ్లేవారికి కొన్ని మాటలు. మంగళవారాలు సెలవు. జనవరిలో కింగ్ జయంతి సెలవు రోజున, ఏప్రిల్ 4న జనం విపరీతంగా ఉంటారు. నిదానంగా చూడాలనుకుంటే మామూలు పనిదినం ఉదయాన్నే వెళ్లాలి. కనీసం నాలుగు గంటలు పెట్టుకోండి. ఓడ అర, హింసను చూపే ఫొటోలు చిన్నపిల్లలను భయపెట్టవచ్చు; పదేళ్లు దాటిన పిల్లలతో అయితే వాటి గురించి ముందుగా నాలుగు మాటలు చెప్పి తీసుకువెళ్లవచ్చు. రెండు గంటలకు మించి వీలుపడనివారు మొదటి గదులు త్వరగా దాటి, మాంట్‌గోమరీ బస్సు, లంచ్ కౌంటర్, చెత్తబండి దగ్గర మాత్రం తీరిగ్గా నిలబడి చూడండి.