గీస్‌బాఖ్: హోటల్ కోసం వేసిన కొండ రైలు

స్విట్జర్లాండ్‌లోని గీస్‌బాఖ్ గ్రాండ్‌హోటల్‌కి కార్లోనూ వెళ్లొచ్చు. కానీ అలా వెళ్తే అక్కడి అసలు విశేషాన్నే వదులుకున్నట్టు. బ్రియెంజ్ ఊరి నుంచి సరస్సు మీద పడవలో పది, పదిహేను నిమిషాలు వెళ్లి దిగితే, రేవు పక్కనే చిన్న స్టేషన్ ఉంటుంది. అక్కడినుంచి 345 మీటర్ల పట్టాల మీద నాలుగైదు నిమిషాల్లో రైలు మిమ్మల్ని హోటల్ దగ్గర దింపుతుంది. పర్యాటకుల కోసం వేసి నేటికీ నడుస్తున్న ఫ్యునిక్యులర్లలో (తాడుతో నడిచే కొండ రైళ్లలో) యూరప్‌ మొత్తానికీ ఇదే పాతది.

హోటల్ యజమానులైన హౌజర్ కుటుంబం దీన్ని 1879లో ప్రారంభించింది. 1883లో హోటల్ తగలబడింది, మరుసటి ఏడాదే మళ్లీ కట్టారు. అంటే ఇప్పుడు కనిపించే భవనం కన్నా రైలే పాతది.

ఒకే ఇనుప తాడుకి రెండు చివరలా రెండు పెట్టెలు. ఒకటి దిగుతుంటే రెండోది ఎక్కుతుంది. మొదట్లో కరెంటూ లేదు, ఇంజనూ లేదు: పైనున్న పెట్టె ట్యాంకులో నీళ్లు నింపేవారు, ఆ బరువుకి అది దిగుతూ కిందిదాన్ని పైకి లాగేది. కిందికి చేరాక నీళ్లు వదిలేసేవారు. కింద జనం ఎక్కువుంటే పైన నీళ్లూ ఎక్కువ పట్టాలి. వేగం మితిమీరకుండా పట్టాల మధ్య ఉన్న పళ్ల పట్టాని (రిగెన్‌బాఖ్ అనే ఇంజనీరు పద్ధతిది) బ్రేకులు పట్టుకునేవి. ప్రతి ట్రిప్పుకీ ఈ నింపడం, వదలడం తప్పేది కాదు. 1912లో నీటి టర్బైన్, 1948లో కరెంటు మోటారు వచ్చాయి.

దారి మధ్యలో కిటికీ నుంచి కిందికి చూడండి. రెండు పెట్టెలూ ఒకదాన్నొకటి దాటడానికి ఒకే లైను అక్కడ రెండుగా చీలి మళ్లీ కలుస్తుంది, కానీ దారి మార్చడానికి కదిలే పట్టా ముక్కలు (పాయింట్లు) ఒక్కటీ కనబడవు. స్విస్ ఇంజనీరు కార్ల్ రోమన్ ఆబ్ట్ ఆలోచన అది: రెండు పెట్టెల చక్రాల అంచులు వేర్వేరుగా ఉండబట్టి, ఏ పెట్టె ఎప్పుడూ తన పక్కకే వెళ్తుంది. కదిలేదే లేనప్పుడు ఇరుక్కునేదీ ఉండదు. తర్వాత ప్రపంచమంతా చాలా ఫ్యునిక్యులర్లు ఈ బాటే పట్టాయి.

పడవ ఆగగానే అందరూ ఒక్కసారే రైలు దగ్గరికి వస్తారు, అందుకే ముందు దిగేలా నిలబడండి. సామాను లేకపోతే తిరుగు ప్రయాణంలో కాలిబాటన దిగొచ్చు, కాకపోతే బాగా వాలుగా ఉంటుంది. స్విస్ ట్రావెల్ పాస్ పడవకి చెల్లుతుంది. రైలుకి టికెట్ సంగతి రేవులోనే అడగండి. హోటల్లో పక్కనున్న గీస్‌బాఖ్ జలపాతం వైపు గది కావాలంటే రాత్రంతా నీటి హోరు ఉంటుందని గుర్తుంచుకోండి. నిద్ర తేలికైనవాళ్లకి సరస్సు వైపే మేలు. జలపాతం వెనక నుంచి వెళ్లే దారి తడిగా ఉంటుంది, పట్టున్న బూట్లు వేసుకోండి.